మెట్ల కింది పిలుపు

పల్లవి మేస్త్రి తన ఇంటి రేడియోను తన చేతులతోనే పాడుచేశాడు. భార్య ఉతికిన బట్టలు పట్టుకుని డాబా మీదికి వెళ్ళిన అదను చూసి, వెనక మూత విప్పి, లోపలి సన్నటి తీగను కూరగాయల కత్తితో తెంపాడు. మళ్ళీ మూత బిగించి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె దిగి వచ్చి మీట తిప్పింది. రేడియోలో ఉలుకూ పలుకూ లేదు.

“ఏమైందండీ దీనికి?”

“ముసలిదైపోయింది. మనం కాలేదా?”

“మనం పలుకుతూనే ఉన్నాంగా.”

“బాగుచేయిస్తాలే, చూద్దాం” అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు మేస్త్రి. ఆ చూద్దాం అనే మాట నెలన్నర నడిచింది.

ఆమె చెవిన పడకూడదని అతను కాపలా కాస్తున్నది అన్ని పాటలకూ కాదు, ఒక్క పాటకు. ఊరంతా పాడుతున్న పాట అది. అది ఆమె దాకా వస్తే ఇంట్లో మిగిలిన ఒకే ఒక్కటి పోతుందని అతని భయం. దాన్ని ఆపడం ఎంత కష్టమో కూడా అందరికంటే అతనికే బాగా తెలుసు. ఎక్కడా ఆగకుండా, ఏ తలుపు వేసినా సందులోంచి దూరి వచ్చేలా దాన్ని తయారుచేసింది అతనే కాబట్టి.

మేస్త్రి చదివింది పల్లెటూరి బడిలో, ఐదో తరగతి దాకా. ఒకటే గది, ఒకడే పంతులు. పొద్దున్నే అందరిచేతా ప్రార్థన చెప్పించేది ఇతనే. పిల్లలెవరికీ కొరుకుడుపడని పందొమ్మిదో ఎక్కానికి ఒక వరస కట్టి, వారం తిరిగేసరికి తరగతి మొత్తానికీ నోటికి వచ్చేలా చేసిన ఘనత ఇతనిది. తనిఖీకి వచ్చిన అధికారి ముక్కున వేలేసుకుని పంతులుగారిని మెచ్చుకుంటే, “నాదేం లేదండీ, ఇదంతా వీడి పని” అని ఆయన ఇతన్ని ముందుకు తోశాడు. ఆ రోజు అధికారి భుజం తట్టిన చోటు ఏదో ఇప్పటికీ చూపించగలడు. ఎడమ భుజం.

పద్దెనిమిదో ఏట పట్నం వచ్చి, రికార్డింగ్ స్టూడియోలో కుర్చీలు సర్దే పనిలో చేరాడు. ఒకనాడు కోరస్‌లో ఒక మనిషి తక్కువైతే వెనక వరసలో నిలబెట్టారు. మళ్ళీ కుర్చీ ముట్టుకోలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ సర్వీసు. రెండు వేల పైచిలుకు పాటల్లో అతని గొంతు ఉంది. ఎక్కడుందో అతను చెబితే తప్ప తెలియదు, కానీ ఉంది. ఒక గొప్ప గాయకుడికి గొంతు పట్టేసిన రోజున, ఆయన పాటలో చివరి దీర్ఘం మేస్త్రిదే. వెనక వరసలో ఎవరికి ఊపిరి చాలడం లేదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. మొత్తం సర్వీసులో పనికి రానిది రెండే రోజులు. కూతురు పుట్టిన రోజు, కూతుర్ని సాగనంపిన రోజు.

ఇవి గొప్పలు కావు, ఉన్నమాట అంటాడు మేస్త్రి.

అయితే అతనికి పల్లవి మేస్త్రి అని పేరు తెచ్చింది గొంతు కాదు, చెవి. సంగీత దర్శకులు కొత్త ట్యూన్ కట్టగానే, “మేస్త్రిని పిలవండి, ఇది నిలుస్తుందో లేదో చెబుతాడు” అనేవారు. నొటేషన్ చదవడం రాని మనిషి కోసం పెద్దపెద్దవాళ్ళు ఎదురుచూసేవారు. అతను వచ్చి, విని, తన పద్ధతిలో చెప్పేవాడు.

“ఊపిరి మధ్యలో తెగుతోంది బాబూ. బియ్యం బస్తా మోసుకుంటూ మెట్లెక్కేవాడు కూడా పాడుకోవాలి. పల్లవి ఒక్క గుక్కలో అయిపోవాలి.”

ఇంకోసారి ఇంకోమాట. “మరీ పైకి పోయావు. అక్కడికి నీ గాయని ఎక్కుతుంది. అంట్లు తోముకునే ఇల్లాలు ఎక్కదు. ఎక్కలేకపోతే సిగ్గుపడి మానేస్తుంది. పాటను చంపేది అసహ్యం కాదు నాయనా, సిగ్గు.”

అంతా కొత్తగా ఉంటే ఎవడూ దగ్గరికి రానివ్వడు, అంతా పాతదైతే తలెత్తి చూడడు. తెలిసిన మనిషే కొత్త చొక్కా వేసుకుని వచ్చినట్టుండాలి అనేవాడు. అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఎవరికీ ఊరికే చెప్పేవాడు కాదు. పాటలో ఒక మెట్టు తీసెయ్యాలి. రోజూ ఎక్కే మెట్లలో ఒకటి లేకపోతే కాలు దానంతటదే వెతుక్కుంటుంది. అలాగే వినేవాడి గొంతు ఆ ఖాళీలో అడుగు పెట్టాలి. ఒక్కసారి పెట్టాడా, ఇక ఆ పాట గాయకుడిది కాదు, వాడిది.

ఇంత చెప్పినా తన చెవిని కూడా పూర్తిగా నమ్మేవాడు కాదు. ఆఖరి తీర్పు బకెట్టమ్మది. స్టూడియో నడవాను తుడిచే మనిషి ఆమె. నీళ్ళ బకెట్టు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు కనుక ఆ పేరు. ఆమె నడవా తుడిచే వేళకు తలుపు జానెడు తెరిచి, పల్లవిని మూడుసార్లు వినిపించాలి. మూడే. నాలుగోసారి వినిపిస్తే అది నేర్పడం అవుతుంది, పరీక్ష కాదు. మర్నాడు పొద్దున మేస్త్రి పేపరు పట్టుకుని నడవా బెంచీ మీద కూర్చునేవాడు. ఆమె నోటిని చూసేవాడు కాదు, చేతిని చూసేవాడు. తుడుపుకర్ర ఆ పాట తాళానికి కదిలితే పాట గెలిచినట్టు. సంగతి ఆమెకు మాత్రం తెలియకూడదు. తెలిస్తే వినడం మొదలుపెడుతుంది, వింటే ఇక పనికిరాదు. ఇరవై రెండేళ్ళు ఇలా జరిగింది. ఆమె చేయి వద్దన్న పాట ఆడిన దాఖలా లేదు, ఒక్కటి తప్ప. ఆ రోజు ఆమెకు జ్వరం, కాబట్టి అది లెక్కలోకి రాదు.

ఇక ఇల్లు. మూడో అంతస్తులో రెండు గదులు, సన్నటి మెట్లు, తలుపుకు కాలింగ్ బెల్ లేదు. అవసరం పడలేదు. కూతురు ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టిన అలవాటు ఒకటి ఉండేది. బడి నుంచి వస్తూ మెట్ల కింది నుంచే నోరు తెరవకుండా మూడు స్వరాలు కూనిరాగం తీసేది. వంటింట్లో ఉన్న తల్లి నాలుగోది పలికి, వెళ్ళి గడియ తీసేది. నేను వచ్చాను, తీస్తున్నా రా అని దాని అర్థం. అమ్మడు పెద్దదై కుట్టు కార్ఖానాలో పనికి కుదిరినా ఆ పిలుపు మానలేదు. సాయంత్రం ఐదున్నరకు మూడు స్వరాలు కింద, నాలుగోది పైన. తల్లి కూరలో గరిటె తిప్పుతూనే పలికేది.

“ఒక్కసారి అమ్మడిని మీ మైకు ముందు నిలబెట్టండీ” అని ఆమె ఎన్నోసార్లు అడిగింది. “ఇంత పెద్ద రికార్డింగ్ మనిషి ఇంట్లో పిల్ల గొంతు ఒక్కటి లేదంటే నవ్విపోతారు.”

“దాని శ్రుతి నిలవదు. మైకు అంటే ఆటబొమ్మ అనుకున్నావా?” అనేవాడు మేస్త్రి. కూతుర్ని కూడా వదిలేవాడు కాదు. “మూడో స్వరం కిందికి జారుతోందమ్మడూ. నా కూతురివై ఉండి శ్రుతి తప్పితే ఎలా?”

“తలుపు తెరుచుకుంటోంది కదా నాన్నా, అది చాలదూ?” అని నవ్వేది అమ్మడు.

ఇరవై ఆరో ఏట ఊపిరితిత్తులు చెడిపోయి, నాలుగు నెలలు మంచాన పడి, అమ్మడు పోయింది. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉండేదా అని డాక్టరు అడిగితే, లేదని గట్టిగా చెప్పింది మేస్త్రే. ఆమె గొంతు ఏ ఫోనులోనూ, ఏ టేపులోనూ లేదు. ఉన్నది తల్లి చెవిలో. ఆ మాట ఆమే చెప్పింది ఒకనాడు, తల ఎత్తకుండా చిక్కుళ్ళు వలుస్తూ.

“రోజూ ఐదున్నరకు వస్తుందండీ. పిలుస్తుంది. నేను పలుకుతాను. నన్ను పిచ్చిదాన్ననుకున్నా సరే.”

అతను అనుకోలేదు. చాటుగా చూశాడు కూడా. ఐదున్నరకు ఆమె గరిటె ఆపి, తల కొంచెం తలుపు వైపు వంచి, ఆగి, గొంతులోనే ఒక్క స్వరం పలికి, మళ్ళీ పనిలో పడుతుంది. ఆ ఒక్క క్షణం ఆమె మొహం చూడాలి. ఆ క్షణం కోసమే ఆమె పొద్దున లేస్తోందని మేస్త్రికి అర్థమైంది.

రెండేళ్ళు గడిచాయి. స్టూడియోకు కొత్త సంగీత దర్శకుడు వచ్చాడు. ముప్పై లోపు కుర్రవాడు, మర్యాదస్తుడే. కానీ అతని చుట్టూ ఉన్నవాళ్ళకు మేస్త్రి ఒక పాత కుర్చీ. కోరస్ మొత్తం కంప్యూటరులోనే పుడుతోంది. మేస్త్రి రోజూ వచ్చి, సంతకం పెట్టి, బెంచీ మీద కూర్చుని వెళుతున్నాడు. ఆ రోజుల్లో ఒక పాట వాళ్ళను సతాయించింది. మూడు ట్యూన్లు కట్టారు. మూడూ బకెట్టమ్మ దగ్గర వీగిపోయాయి.

“ఇంకా తుడుపుకర్రను అడగడం ఏంటండీ?” అన్నాడు మిక్సింగ్ చేసేవాడు, మేస్త్రికి వినపడేలాగే. “మేస్త్రిగారి కాలం చెల్లిపోయింది. ఆయనకే తెలిస్తే ఒకటి కట్టమనండి, చూద్దాం.”

గదిలో నలుగురు ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. ముప్పై తొమ్మిదేళ్ళు నిలబడ్డ గది అది. మేస్త్రి మైకు దగ్గరికి నడిచి వెళ్ళి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకున్నాడు. నోటికి వచ్చింది మూడు స్వరాలు. తర్వాత ఆగాడు. ఆ ఆగిన చోట గాజు అవతల ఉన్న కుర్రవాడి గొంతు తనకు తెలియకుండానే నాలుగోది పలికింది.

“మేస్త్రిగారూ, ఇది ఎక్కడిది?”

“నాదే” అన్నాడు మేస్త్రి.

ఆ ఒక్క మాట తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాడు. తీసుకోవాలనీ అనిపించలేదు. అమ్మడి పిలుపు పాటలో ఉంటే ఇక చావు లేదు, నేనూ దాని తల్లీ పోయాక కూడా ఉంటుంది అని దారిపొడవునా మనసుకు సర్దిచెప్పుకుంటూ ఇంటికి వచ్చాడు. అది నిజమే. మిక్సింగ్ చేసేవాడి మొహం చూడాలనిపించిందన్నదీ అంతే నిజం.

మర్నాడు బకెట్టమ్మ చేయి కదలడమే కాదు, మూడు ఊపులకు ఒకసారి తుడుపుకర్ర గాలిలో ఆగి, ఆమె ముక్కులోంచి చిన్న స్వరం వచ్చింది. పేపరు అంచు మీదుగా మేస్త్రి చూస్తూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటిది చూడలేదు.

పాట బయటికి వచ్చిన వారానికే అది అతని చేతుల్లోంచి జారిపోయింది. గాయని ఆ మూడు స్వరాలనూ తేనె పూసినట్టు పలికింది, మూడోదానికి చిన్న మెలిక పెట్టింది. వెనక డప్పు. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో బస్సులో డ్రైవరు పలికాడు, బడి గోడ అవతల పిల్లలు పలికారు, మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్నవాడు కత్తి కింద కదలకుండా పలికాడు. వీధి మలుపులో ఇద్దరు పోట్లాడుకుంటుంటే మూడోవాడి ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి పలికి, మళ్ళీ పోట్లాడుకున్నారు. స్టూడియోలో మేస్త్రికి శాలువా కప్పి ఫొటో తీశారు. ఆ ఫొటో అతను ఇంటికి తీసుకుపోలేదు.

పాట ఇంటికి దగ్గరపడే కొద్దీ భయం మొదలైంది. అప్పుడే రేడియో తీగ తెంపింది. గాలి పడటం లేదని కిటికీలు మూయించాడు. కూరగాయలు తనే తెస్తానని ఆమెను వీధిలోకి పోనివ్వలేదు. ఆమె అన్నిటికీ సరేనంది. రెండో అంతస్తు కోడలి ఫోనులో ఆ పాటే మోగుతుంటే కిందికి దిగి తలుపు తట్టాడు.

“ఆ ఫోను మోత కొంచెం మార్చమ్మా.”

“అదేంటి బాబాయిగారూ, మీ స్టూడియో పాటే కదా? మా అత్తగారైతే పూజకు కూడా ఇదే పాడేలా ఉన్నారు.”

“నాకు విసుగొచ్చిందమ్మా.”

“చేసినవాడికి వంట సహించదంటారు, అదా?” అని నవ్వి, ఆమె మార్చింది. మార్చి ఏం లాభం? మేస్త్రి మెట్లెక్కుతుండగా లోపలి నుంచి ఆమె గొంతే ఆ మూడు స్వరాలూ తీసింది.

స్టూడియోలో బకెట్టమ్మను కూడా పట్టుకున్నాడు. “ఆ పాట ఆపవమ్మా తల్లీ” అన్నాడు.

“నేను పాడటమేంటయ్యా? నాకు పాటలు రావు” అంది ఆమె, నిజంగానే ఆశ్చర్యపోయి. రెండు అడుగులు తుడిచి, మళ్ళీ ముక్కుతో పలికింది.

ముప్పై తొమ్మిదేళ్ళ విద్య ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ అతని ఇంటి మీదికే వస్తోంది. ఎక్కడ సన్నగా ఉంటుందో, ఎక్కడ దూరుతుందో అతనికి తెలుసు. తెలిసి ఏమీ చేయలేకపోయాడు.

ఒక సాయంత్రం ఐదున్నర దాటాక ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

“ఇవాళ కూడా రాలేదండీ” అంది.

“ఎవరు?” అన్నాడు, తెలిసి కూడా.

“అమ్మడు. పది రోజులైంది వచ్చి.”

మేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. “ఆ పాట విన్నావా?” అని అడిగాడు.

“ముందే విన్నాను. మీరు రేడియో తీగ తెంపారే, దానికి ముందు రోజు.”

“తెలుసా నీకు?”

“రేడియో మూతకుండే మరచీల ఒకటి మంచం కింద దొరికింది, మూత తీసి చూశాను. పోనీలే, మీ ముచ్చట మీదని ఊరుకున్నాను.” ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. “కోపం రాలేదండీ. నిజం చెబుతున్నా. మొదట్లో సంతోషమే వేసింది. ఊరంతా నా పిల్ల లాగా పిలుస్తోంది, ఊరంతా నా లాగా పలుకుతోంది అనుకున్నాను. కిటికీ సందులోంచి వచ్చినప్పుడల్లా నేనూ పలికాను.”

“మరి?”

“ఇప్పుడు ఐదున్నరకు చెవి పెడితే ఆ పాటగత్తె గొంతే వస్తోంది. ఆ మెలిక, వెనకాల ఆ డప్పు. దాన్ని తోసి అవతలికి వెళదామని చూస్తాను. అవతల ఏమీ లేదు.” ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులు పొడిగానే ఉన్నా. “మీరు చెవిగల మనిషి కదా. ఒక్కసారి అనండి. అది ఎలా పిలిచేదో.”

మేస్త్రి నోరు తెరిచాడు. మూడు స్వరాలు వచ్చాయి, మూడోదాని మీద గాయని పెట్టిన మెలికతో సహా. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

రాని పాటంటూ లేని మనిషికి ఆ క్షణాన కూతురి గొంతు రాలేదు. వెతికాడు. దొరికిందల్లా డప్పే.

అప్పుడు గుర్తొచ్చింది, స్టూడియోలో తాను మైకు ముందు పాడిన మొదటి ముక్క. గాయని పాడక ముందు, డప్పు చేరక ముందు పాడినది. మర్నాడు తలుపులు తీసే వేళకే వెళ్ళి సంగీత దర్శకుడి ముందు నిలబడ్డాడు. అడగడం అలవాటు లేని మనిషి అడిగాడు. కుర్రవాడు కారణం అడగకుండా వెతికి తీశాడు.

“పాతవన్నీ తీసేశాం మేస్త్రిగారూ. ఇది మాత్రం ఉంచుకున్నాను, మీ గుర్తుగా” అని మేస్త్రి ఫోనులోకి పంపాడు. ఏడు సెకన్ల ముక్క.

ఇంటికి వచ్చిన మేస్త్రిలో పాత ఠీవి కొంత తిరిగొచ్చింది. వంటింటి గట్టు మీద ఫోను నిలబెట్టి, “విను. ఇందులో మెలికా లేదు, డప్పూ లేదు. అమ్మడు ఎలా పిలిచేదో అలాగే పాడాను. నా చెవి సంగతి నీకు తెలుసు” అన్నాడు.

ఆమె విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి కూడా పెట్టించుకుంది.

“మూడోది తప్పండీ” అంది.

“తప్పేంటి? సూది మొనంత తేడా లేదు. యంత్రం పెట్టి చూడమను ఎవరినైనా.”

“అదే చెబుతున్నాను. మీది సరిగ్గా ఉంది. అమ్మడిది ఎప్పుడైనా సరిగ్గా ఉందా? మూడోది కిందికి పడిపోయేది. మీరు తిట్టేవారు కూడా.”

మేస్త్రి ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. నిజమే. పడిపోయేది. మైకు ముందు కళ్ళు మూసుకున్నప్పుడు, ఎవరూ అడగకుండానే, తనకే తెలియకుండా, దాన్ని సరిచేశాడు. వెనక వరసలో ఎవరు జారినా సరిచేసినట్టే. చేయి చొక్కా గుండీ పెట్టుకున్నంత అలవాటుగా.

“ఎంత కిందికి?” అని అడిగాడు.

“ఎంతో నేనేం చెప్పను? మీలాగా నాకు లెక్కలు రావు. బడి సంచీతో ఆ మెట్ల ముందుకు వచ్చేసరికే దానికి ఊపిరి అయిపోయేది. మూడోదానికి మిగిలేది కాదు పాపం.”

ఆమె మామూలుగానే అన్నది. అని, చిక్కుళ్ళ పళ్ళెం ముందుకు లాక్కుంది. మేస్త్రికి మాత్రం డాక్టరు గది కనిపించింది. చిన్నప్పటి నుంచీ ఆయాసం ఉండేదా? లేదండీ. వెనక వరసలో నలభై మందిలో ఎవరికి ఊపిరి చాలడం లేదో కళ్ళు మూసుకుని చెప్పిన మనిషి, పందొమ్మిదేళ్ళు రోజూ సాయంత్రం ఆ స్వరం కిందికి జారడం విన్నాడు. విని, శ్రుతి తప్పుతోంది అన్నాడు.

ఆ మాట ఆమెతో చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసేమో అని అడగడానికీ నోరు రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని వెతికారు. అతను మూడోదాన్ని కొంచెం దించాడు. కాదంది. ఇంకొంచెం. “అంత కాదు.” మధ్యలో. “ఏమో, అదేనేమో. కాదు.” చీకటి పడే వేళకు ఆమె, “చాలండీ, ఉన్నది కూడా పోతుంది” అని లేచి పొయ్యి వెలిగించింది.

మర్నాడు మేస్త్రి స్టూడియోకు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. సర్వీసులో అవి మూడో రోజు, నాలుగో రోజు. తర్వాత లెక్క పెట్టడం మానేశాడు. అతను చేస్తున్నది ఒకటే. ఐదుంబావుకు వీధిలోకి దిగి, మలుపు దాకా వేగంగా నడిచి, వేగంగా వెనక్కి వస్తాడు. అరవైకి దగ్గరపడిన గుండె దడదడలాడుతుంటే, ఊపిరి సగానికి పడిపోయాక, సరిగ్గా ఐదున్నరకు మెట్ల కింద నిలబడి మూడు స్వరాలు తీస్తాడు. సరిచేయకుండా తీయాలని చూస్తాడు. మూడోదాన్ని దాని మానాన పడనిస్తాడు.

మొదటి అంతస్తులో గుమాస్తా బూట్లు విప్పుకుంటూ నాలుగోది పలుకుతాడు. రెండో అంతస్తులో కోడలు పలుకుతుంది, పక్క గదిలోంచి ఆమె అత్తగారు పలుకుతుంది. మెట్ల మీద ఎదురైన పాలమనిషి డబ్బాను చేయి మార్చుకుంటూ పలికి, “మీరు కొంచెం శ్రుతి తప్పుతున్నారు మేస్త్రిగారూ” అని కూడా అంటాడు.

మూడో అంతస్తులో తలుపు తెరిచే ఉంటుంది. ఆమె గరిటె పట్టుకుని, తల కొంచెం వంచి, నిలబడి వింటుంది. అతను గోడ పట్టుకుని ఆయాసపడుతూ ఆమె మొహంలోకి చూస్తాడు. ఆమె నోరు తెరవదు.

“కాదండీ” అంటుంది. “లోపలికి రండి, మంచినీళ్ళు తాగండి.”